కారు షెడ్డులో కూడిన కంప్యూటరు సంఘం

మన పల్లెలలో ఆకు పసరు మందు ఇచ్చే పెద్దలను మీలో చాలామంది చూచే ఉంటారు. కాలు బెణికితే, సెగగడ్డ లేస్తే ఏదో ఆకు నూరి కట్టు కడతారు. ఆ ఆకు పేరు అడిగితే మాత్రం చెప్పరు. "చెబితే మందు పనిచేయదు" అంటారు. ఆ పెద్దాయన కన్ను మూసిన రోజున ఆ విద్య కూడా ఆయనతోనే మట్టిలో కలిసిపోతుంది.

అదే పల్లెలో ఆవకాయ బాగా పెట్టే ఒక ఇల్లాలు ఉంటుంది. వేసవి రాగానే పక్కింటి కొత్త కోడలిని పిలిచి కారం ఎంత, ఉప్పు ఎంత, ఆవపిండి ఎంత అని కొలిచి మరీ చూపిస్తుంది. ఆమె పోయినా ఆ రుచి ఊరిలో మిగిలిపోతుంది.

విద్యను మూట కట్టుకోవడం ఒక దారి. పంచిపెట్టడం ఇంకొక దారి. రెండవ దారిని ఎన్నుకొన్న కొందరు మామూలు మనుష్యుల కథ ఇది. ఈనాడు మన పిల్లల చేతుల్లో ఉన్న కంప్యూటర్లు, ఫోన్లు ఇంత చవకగా, ఇంత సులువుగా మన ఇళ్ళకు రావడం వెనుక వీరి పాత్ర కొంత ఉంది. అయితే పంచుకోవాలన్న ఉత్సాహంలో వీరే ఒకచోట కాలు జారారు కూడా. క్రైస్తవ కుటుంబాలుగా మనం ఆ రెండింటి నుండీ నేర్చుకోవలసినది ఉన్నది.

అద్దాల గదిలోని యంత్రం

1970ల ఆరంభంలో కంప్యూటరు అంటే సామాన్యుని వస్తువు కాదు. పెద్ద కంపెనీలలో, విశ్వవిద్యాలయాలలో, ప్రభుత్వ కార్యాలయాలలో చల్లని గదులలో దానిని ఉంచేవారు. దానిని ముట్టుకొనే అధికారం కొద్దిమందికే ఉండేది. మిగిలినవారు తమ లెక్కను కాగితాల మీద ఇచ్చి, జవాబు కోసం ఎదురు చూడవలసిందే.

ఆ పరిస్థితిలో 1975 జనవరి నెల "పాపులర్ ఎలక్ట్రానిక్స్" అనే అమెరికా పత్రిక ముఖచిత్రంగా ఒక చిన్న పెట్టె బొమ్మ వచ్చింది. దాని పేరు ఆల్టెయిర్ 8800. న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఆల్బుకర్కీ పట్టణంలో ఎడ్ రాబర్ట్స్ అనే ఆయన నడిపే మిట్స్ అనే చిన్న కంపెనీ దానిని తయారు చేసింది. ధర సుమారు 400 డాలర్లు. ఆ ధరకు వచ్చేది తయారైన కంప్యూటరు కాదు, విడి భాగాల మూట. కొన్నవారు ఇంట్లో కూర్చొని ఒక్కొక్క భాగాన్ని సోల్డరింగ్ చేసి అతికించుకోవాలి.

అంతా అయిన తరువాత కూడా దానికి తెర లేదు, అక్షరాల మీటలు లేవు. ముందు భాగాన కొన్ని స్విచ్చులు, కొన్ని ఎర్ర దీపాలు మాత్రమే. దాని జ్ఞాపకశక్తి 256 బైట్లు. అంటే ఒక పోస్టుకార్డు మీద నాలుగైదు పంక్తులు వ్రాస్తే ఎన్ని అక్షరాలవుతాయో అంత మాత్రమే అది గుర్తుంచుకోగలదు. అయినా వేలమంది డబ్బు పంపారు. ఎందుకంటే జీవితంలో మొదటిసారి "ఇది నా కంప్యూటరు" అని చెప్పుకొనే అవకాశం సామాన్యునికి వచ్చింది.

అయితే ఒక చిక్కు. పెట్టె వచ్చింది గాని, దానితో ఏమి చేయాలో చెప్పేవారు లేరు. ఎక్కడ అతుకు తప్పిందో చూచిపెట్టే మేస్త్రీ లేడు. ఎవరికి వారు తమ ఇంట్లో ఒంటరిగా తంటాలు పడవలసిందే.

వర్షం కురిసిన సాయంత్రం

1975 మార్చి 5. కాలిఫోర్నియా రాష్ట్రంలోని మెన్లో పార్క్ అనే ఊరు. ఆ సాయంత్రం వాన పడుతోంది. గోర్డన్ ఫ్రెంచ్ అనే ఇంజనీరు ఇంటి కారు షెడ్డులో 32 మంది చేరారు. ఊరిలో గోడల మీద అంటించిన చిన్న ప్రకటన చూచి కొందరు, స్నేహితులు చెబితే కొందరు వచ్చారు. ఆ కూటానికి పిలుపు ఇచ్చినవారు ఇద్దరు: ఇల్లు గల గోర్డన్ ఫ్రెంచ్, ఆయనతో ఫ్రెడ్ మూర్.

ఆ రాత్రి వారి మధ్య ఒక ఆల్టెయిర్ పెట్టె ఉంది. దాని చుట్టూ అందరూ మూగారు. ఎవరు ఏమి తయారు చేస్తున్నారు, ఎవరికి ఏ భాగం దొరకలేదు, ఎవరికి ఏ పని తెలుసు అని ఒకరినొకరు అడిగి తెలుసుకొన్నారు. ఆ కాలంలో ఎంతో విలువైన మైక్రోప్రాసెసర్ చిప్పు ఒకదానిని ఒకాయన చేతిలో ఎత్తి పట్టుకొని "ఇది ఎవరికి పనికి వస్తుంది?" అని అడిగి, కావాలన్నవారికి ఉచితంగా ఇచ్చివేశాడు. ఆ ఒక్క పని ఆ సంఘం ఎటువంటిదో చెప్పింది.

తరువాత ఆ గుంపుకు "హోంబ్రూ కంప్యూటర్ క్లబ్" అని పేరు పెట్టుకొన్నారు. ఇంట్లో తయారు చేసుకొన్న కంప్యూటర్ల సంఘం అని దాని భావం. పది రోజులకే, అంటే మార్చి 15 నాటికి, ఫ్రెడ్ మూర్ సంపాదకత్వంలో చిన్న వార్తాపత్రం కూడా వెలువడింది.

ఈ ఫ్రెడ్ మూర్ గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. ఆయన ధనవంతుడు కాడు, కంప్యూటరు శాస్త్రవేత్త కూడా కాడు. యుద్ధం చేయరాదు, మనుష్యుని చంపరాదు అన్నది ఆయన పట్టుదల. 1959లో విద్యార్థిగా ఉన్నప్పుడు, బర్కిలీ విశ్వవిద్యాలయంలో నిర్బంధ సైనిక శిక్షణకు వ్యతిరేకంగా మెట్ల మీద కూర్చొని ఉపవాసం చేశాడు. సైన్యంలో చేరడానికి నిరాకరించినందుకు తరువాత జైలులో ఉన్నాడు. డబ్బు మనుష్యులను విడదీస్తుందని, తెలిసిన సంగతిని ఒకరికొకరు ఇచ్చుకొంటే అది కలుపుతుందని ఆయన నమ్మకం. కంప్యూటరు క్లబ్బులో ఆయన వెదకింది లాభం కాదు, సహవాసం. క్లబ్బు నడక నేర్చిన కొద్ది నెలలకే ఆయన దానిని ఇతరులకు అప్పగించి, తన శాంతి ఉద్యమ పనికి తిరిగి వెళ్ళిపోయాడు. 1997లో రోడ్డు ప్రమాదంలో మరణించాడు.

కూటం ఎలా జరిగేది?

కారు షెడ్డు చాలక కూటం స్థలాలు మారింది. చివరకు స్టాన్‌ఫోర్డ్‌లోని అణు పరిశోధన కేంద్రపు సభామందిరంలో స్థిరపడింది. రెండు వారాలకు ఒక బుధవారం సాయంత్రం కూడేవారు. ముప్పై రెండు మందితో మొదలైనది వందలమంది అయింది. లీ ఫెల్సెన్‌స్టీన్ అనే ఇంజనీరు సభ నడిపేవాడు.

ఆ సభ జరిగే పద్ధతి మన సంఘాలవారు గమనించదగినది. మొదట ఒక్కొక్కరుగా లేచి నిలబడి తనకు ఏమి కావాలో, తన దగ్గర ఏమి ఉందో క్లుప్తంగా చెప్పాలి. "నాకు ఫలానా భాగం దొరకడం లేదు" అని ఒకరు. "నా దగ్గర రెండు ఉన్నాయి" అని వెనుక నుండి మరొకరు. "నా యంత్రం ఇక్కడ ఆగిపోతోంది" అని ఒకరు. "నాకూ అలాగే అయింది, సభ అయ్యాక కనబడు" అని ఇంకొకరు. ఎవరి దగ్గర ఏమి ఉందో ఒక పటంలో గుర్తించినట్లుగా అందరికీ తెలిసిపోయేది.

ఎవరైనా కొత్తగా తయారు చేసినది ఉంటే ముందుకు వచ్చి చూపించి వివరించేవారు. కంపెనీలవారు కూడా వచ్చి ప్రసంగాలు చేసేవారు. అయితే ఆ శ్రోతలను మెప్పించడం తేలిక కాదు. చెప్పింది నిజమా కాదా అని తేల్చగలవారు ముందు వరుసలోనే ఉండేవారు.

ఆ తరువాత అసలైన భాగం. అందరూ కుర్చీలు విడిచి, తనకు కావలసిన మనిషిని వెదకుకొంటూ వెళ్ళేవారు. మాటలు, కాగితాలు, చిత్రపటాలు, విడి భాగాలు చేతులు మారేవి. ఇంజనీరుకు, విద్యార్థికి, రేడియో మెకానిక్కుకు అక్కడ తేడా లేదు. తెలిసినవాడు గురువు, తెలియనివాడు శిష్యుడు. మరుసటి వారం ఆ స్థానాలు తారుమారు కావచ్చు.

కొరింథీ సంఘానికి వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో పౌలు భక్తుడు, విశ్వాసులు కూడినప్పుడు ప్రతివాని దగ్గరా పంచుకోదగినది ఏదో ఒకటి ఉంటుందనీ, అదంతా అందరి క్షేమాభివృద్ధి కోసమేననీ చెప్పాడు. ఆ క్లబ్బువారు ఈ వచనం చదివి ఆ పద్ధతి పెట్టుకోలేదు. అయినా దేవుడు సంఘానికి ఇచ్చిన సూత్రం ఎక్కడ పాటించినా ఫలిస్తుందని వారి సభలు చూస్తే తెలుస్తుంది.

రేడియోలో వినిపించిన పాట

ఆ తొలి నెలలలో ఒక కూటం మెన్లో పార్క్‌లోని ఒక పాఠశాలలో జరిగింది. స్టీవ్ డోంపియర్ అనే సభ్యుడు తాను అతికించుకొన్న ఆల్టెయిర్ పెట్టెను తెచ్చాడు. దాని పక్కన మామూలు రేడియో ఒకటి పెట్టాడు. ముందున్న స్విచ్చులను ఒక్కొక్కటిగా పైకీ క్రిందికీ వేస్తూ ఎంతోసేపు అంకెలు ఎక్కించాడు. మధ్యలో కరెంటు తీగ ఊడి, ఎక్కించినదంతా చెరిగిపోయింది. విసుక్కోకుండా మళ్ళీ మొదటి నుండి మొదలుపెట్టాడు.

చివరి స్విచ్చు వేయగానే రేడియోలో నుండి ఒక సినిమా పాట వరుస వంటిది గరగరలాడుతూ వినిపించింది. నిజానికి అది అప్పటి ప్రసిద్ధ గాయక బృందం బీటిల్స్‌వారి పాట. ఆ కంప్యూటరుకూ రేడియోకూ మధ్య ఏ తీగా లేదు. కంప్యూటరు పనిచేసేటప్పుడు దాని నుండి వెలువడే తరంగాలు దగ్గరలోని రేడియోను కదిలిస్తాయి. ఏ లెక్క ఎంత వేగంగా చేయిస్తే ఏ స్వరం వస్తుందో డోంపియర్ కనిపెట్టి, లెక్కలనే పాటగా పేర్చాడు. మన ఇళ్ళలో మిక్సీ వేసినప్పుడు రేడియోలో గరగర రావడం వంటిదే ఇదీ. మనం చిరాకు పడే శబ్దంలో ఆయన సంగీతం విన్నాడు. సభ అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. దీపాలు వెలగడం తప్ప మరేమీ చేయదనుకొన్న పెట్టె పాడింది! తాను అది ఎలా చేశాడో కూడా ఆయన దాచలేదు. అందరికీ వ్రాసి ఇచ్చాడు.

వెనుక వరుసలోని బిడియస్థుడు

మొదటి రాత్రి కారు షెడ్డుకు వచ్చినవారిలో స్టీవ్ వోజ్నియాక్ అనే 24 ఏళ్ళ యువకుడు ఉన్నాడు. హ్యూలెట్ పాకార్డ్ కంపెనీలో లెక్కల యంత్రాలు తయారు చేసే ఉద్యోగం. స్వభావం చాలా బిడియం. నలుగురిలో నోరు విప్పలేడు. స్నేహితుడు చెబితే వచ్చాడు. అక్కడివారు మాట్లాడే కొత్త చిప్పుల సంగతి తనకు తెలియదని సిగ్గుపడ్డాడు. అయితే ఆ రాత్రి ఎవరో పంచిన ఒక కాగితం ఇంటికి పట్టుకొని వెళ్ళి చదివాడు. చదివేకొద్దీ, చిన్ననాటి నుండి తాను కలలు కన్న కంప్యూటరును ఇప్పుడు తానే చేయవచ్చని అర్థమైంది.

మరుసటి ఏడాదికి ఆయన ఒక కంప్యూటరు తయారు చేశాడు. దానికి టెలివిజను తగిలించవచ్చు, అక్షరాల మీటలు తగిలించవచ్చు. ప్రతి కూటానికి దానిని మోసుకొని వచ్చి, వెనుక బల్ల మీద పెట్టి కూర్చొనేవాడు. లేచి ప్రసంగించలేడు గనుక, చుట్టూ చేరినవారికి నెమ్మదిగా చెప్పేవాడు. దాని చిత్రపటాన్ని నకళ్ళు తీసి అడిగినవారందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఆయన మిత్రుడు స్టీవ్ జాబ్స్ దానిని తయారు చేసి అమ్మవచ్చని చూచాడు. 1976 ఏప్రిల్ 1న ఆపిల్ కంపెనీ అలా మొదలైంది. పెట్టుబడి కోసం జాబ్స్ తన వ్యానును, వోజ్నియాక్ తన ఖరీదైన కాలిక్యులేటరును అమ్ముకొన్నారు.

ఇక్కడ మన విశ్వాసులలో కొందరికి కలిగే సందేహం ఒకటి ఉంది. ఆ మొదటి ఆపిల్ కంప్యూటరు ధర 666 డాలర్ల 66 సెంట్లు. ప్రకటన గ్రంథంలోని సంఖ్యతో దీనిని ముడిపెట్టి భయపడినవారు ఉన్నారు. అసలు సంగతి చాలా చిన్నది. దుకాణదారునికి వారు 500 డాలర్లకు ఇచ్చారు. దాని మీద మూడవ వంతు లాభం కలిపితే ఇంచుమించు ఆ అంకె వస్తుంది. ఒకే అంకె పదే పదే వచ్చే సంఖ్యలంటే తనకు ఇష్టమనీ, బైబిలులోని సంఖ్య సంగతి తనకు అప్పట్లో తెలియదనీ వోజ్నియాక్ చెప్పాడు. నిజాన్ని తెలుసుకొని మాట్లాడడం కూడా సాక్ష్యంలో ఒక భాగమే.

అట్టపెట్టెలో పుస్తకాలు

ఆ క్లబ్బులో మన దక్షిణ భారతదేశపు నీళ్ళు త్రాగినవాడు కూడా ఒకడున్నాడు. ఆయన పేరు ఆడమ్ ఆస్బోర్న్. తండ్రి ఆంగ్లేయుడు. బాల్యం తమిళనాడులోని తిరువణ్ణామలైలో, కొడైకెనాల్‌లో గడిచింది. కొత్త కంప్యూటర్ల గురించి ఆయన వ్రాసిన పుస్తకాలను అట్టపెట్టెలో పెట్టుకొని వచ్చి క్లబ్బు కూటాలలో అమ్మేవాడు. 1981లో ఆయన కంపెనీ చేతితో మోసుకొని పోగలిగే కంప్యూటరును విడుదల చేసింది. బరువు పది కిలోలకు పైనే! దానిని రూపొందించినది క్లబ్బు సభలు నడిపిన ఫెల్సెన్‌స్టీనే. ఈనాడు మన పిల్లలు ఒళ్ళో పెట్టుకొనే ల్యాప్‌టాప్‌కు అది తాతవంటిది. ఆస్బోర్న్ చివరి రోజులలో కొడైకెనాల్‌కే తిరిగి వచ్చి 2003లో అక్కడే మరణించాడు.

ఎనిమిదవ ఆజ్ఞ దగ్గర తడబాటు

ఇంతవరకు మంచి సంగతులు చెప్పాము. ఇప్పుడు రెండవ వైపు కూడా చెప్పాలి.

ఆల్టెయిర్ పెట్టెకు భాష నేర్పడానికి బిల్ గేట్స్, పాల్ అలెన్ అనే ఇద్దరు యువకులు "బేసిక్" అనే ప్రోగ్రామును వ్రాశారు. ఎన్నో రాత్రులు మేల్కొని వ్రాసిన పని అది. దానిని మిట్స్ కంపెనీ అమ్మేది. విడిగా కొంటే 500 డాలర్లు, అంటే పెట్టె కంటే భాష ఖరీదు ఎక్కువ. క్లబ్బువారికి ఇది కష్టంగా తోచింది.

1975 జూన్‌లో ఆ కంపెనీవారు పాలో ఆల్టో పట్టణంలోని ఒక హోటలులో తమ యంత్రాన్ని ప్రదర్శించారు. అక్కడ ఆ ప్రోగ్రాము ఉన్న కాగితపు టేపు ఒకటి మాయమైంది. ఆ రోజులలో ప్రోగ్రాములను కాగితపు టేపు మీద చిల్లులు పొడిచి దాచేవారు. కొద్ది రోజులకు క్లబ్బు కూటంలో ఆ టేపుకు నకళ్ళు ఒక పెట్టె నిండా వచ్చాయి. ఒకటి తీసుకొన్నవారు మరో కూటానికి రెండు నకళ్ళు చేసి తేవాలని షరతు! చూస్తుండగానే అది అందరి ఇళ్ళకూ చేరిపోయింది.

1976 ఫిబ్రవరి 3 తేదీతో బిల్ గేట్స్ ఒక బహిరంగ లేఖ వ్రాశాడు. అప్పటికి ఆయన వయస్సు 20. క్లబ్బు వార్తాపత్రంలో అది అచ్చయింది. ఆల్టెయిర్ ఉన్నవారిలో పదోవంతు మంది కూడా బేసిక్‌ను డబ్బిచ్చి కొనలేదనీ, తాము పడిన శ్రమకు గంటకు రెండు డాలర్లు కూడా గిట్టలేదనీ, ఇది దొంగతనమేననీ ఆయన సూటిగా అన్నాడు. జీతం లేకుండా ఎవరు మంచి పని చేసిపెడతారని అడిగాడు.

క్లబ్బులో పెద్ద గొడవ లేచింది. చాలామందికి కోపం వచ్చింది. "మేము పంచుకొన్నాము గాని దొంగిలించలేదు" అన్నది వారి వాదం.

ప్రియ పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచిద్దాం. వోజ్నియాక్ తన చిత్రపటాన్ని పంచాడు. డోంపియర్ తన పాట లెక్కను పంచాడు. అది దానం, ఎందుకంటే అది వారిది. టేపును పంచినవారు పంచింది ఎవరిది? ఇంకొకరిది. మన చేలోని గింజలు పక్కవానికి పెడితే అది ఔదార్యం. ఎదుటివాని చేలో కోసి ఊరంతా పంచిపెడితే అది ఔదార్యం కాదు. పని రెండుచోట్లా ఒకేలా కనబడుతుంది. ధర ఎక్కువన్నది నిజమే కావచ్చు. అయితే ధర ఎక్కువైతే కొనకుండా ఉండవచ్చు, తగ్గించమని అడగవచ్చు. ఎనిమిదవ ఆజ్ఞకు "ఖరీదు ఎక్కువైతే తప్ప" అనే మినహాయింపు దేవుడు ఇవ్వలేదు.

ఈ మాట మనకు దూరమైనది కాదు. ఒక క్రైస్తవ గాయకుడు అప్పు చేసి పాటల క్యాసెట్టు, తరువాతి రోజులలో సీడీ తెస్తే, ఒకరు కొని పదిమందికి నకళ్ళు తీసి ఇచ్చిన సంగతి మన సంఘాలలో ఎరుగనివారు లేరు. "దేవుని పాటే గదా, సువార్తే గదా" అనుకొన్నాము. పాడినవాని ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా అని ఆలోచించామా? నేడు ఫోనులో ఒక్క వ్రేలితో ఆ పని అయిపోతోంది. చేయడం తేలికైనంత మాత్రాన తప్పు తేలిక కాదు.

ఐదు డాలర్ల జవాబు

ఆ గొడవలో కోపపడడం తప్ప మరేమీ చేయనివారు ఎక్కువమంది. కొందరు మాత్రం మంచి జవాబు వెదికారు. డెన్నిస్ అల్లిసన్ అనే అధ్యాపకుడు, ఆయన మిత్రులు "చిన్న బేసిక్" ఎలా వ్రాసుకోవచ్చో పద్ధతిని వివరించి పత్రికలో అచ్చు వేశారు. దానిని పట్టుకొని ఎవరికి వారు సొంతగా వ్రాసుకొని, తమ సొంత పనిని ఉచితంగా పంచారు. ఇది ఎవరినీ దోచని పంపకం.

క్లబ్బు సభ్యుడైన టామ్ పిట్‌మన్ మరొక దారి చూపాడు. ఆయన క్రైస్తవుడు. తన యంత్రం మొదటిసారి తన మాట విని పనిచేసిన క్షణంలో, సృష్టి చేసినప్పుడు దేవునికి కలిగిన సంతృప్తిలో కొంచెమైనా తనకు తెలిసినట్లు అనిపించిందని ఆయన తరువాత వ్రాశాడు. ధర న్యాయంగా ఉంటే జనం దొంగిలించరు, కొంటారు అని నమ్మి, తాను వ్రాసిన చిన్న బేసిక్‌ను ఐదు డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. నకలు తీసుకోవడం ఎవరికైనా తేలికే. అయినా చాలామంది డబ్బు పంపి కొనుక్కొన్నారు.

అమ్మేవానికి న్యాయమైన ధర, కొనేవానికి నిజాయితీ. ఈ రెండూ కలిసినచోట కావలివాని అవసరం ఉండదు. మన ఊరి కిరాణా కొట్టుకూ, పాలకేంద్రానికీ కూడా ఈ సూత్రం వర్తిస్తుంది.

పదమూడేళ్ళ బాలుడు

అమెరికాకు తూర్పు తీరాన బోస్టన్ నగరం ఉంది. 1977లో అక్కడ జోనతన్ రోటెన్‌బర్గ్ అనే బాలుడు మరొకరితో కలిసి బోస్టన్ కంప్యూటర్ సొసైటీ అనే క్లబ్బును ప్రారంభించాడు. అప్పటికి వాని వయస్సు 13 ఏళ్ళు! తొలి కూటానికి వచ్చినవారు బహు కొద్దిమంది. ఆ బాలుడు నిరుత్సాహపడలేదు. హోంబ్రూ క్లబ్బు యంత్రాలు తయారు చేసేవారిది కాగా, ఇది వాటిని వాడుకొనే సామాన్యుల కోసం. ఉపాధ్యాయులు, చిన్న వ్యాపారులు, గృహిణులు అడిగే మామూలు ప్రశ్నలకు తెలిసిన సభ్యులు ఉచితంగా జవాబు చెప్పేవారు.

కాలక్రమాన ఆ క్లబ్బు 30,000 మందికి పైగా సభ్యులతో ఎంతో పెద్దదైంది. 1984 జనవరి 30న స్టీవ్ జాబ్స్ స్వయంగా వచ్చి, వారం క్రిందటే విడుదలైన మకింతోష్ కంప్యూటరును ఆ క్లబ్బు సభలో చూపించాడు. పెద్ద పెద్ద కంపెనీల అధిపతులు ఒక బాలుడు పెట్టిన సంఘానికి అతిథులుగా వచ్చి, సామాన్య ప్రజల ప్రశ్నలకు జవాబులు చెప్పుకొన్నారు. ఐదు రొట్టెలు, రెండు చేపలు తెచ్చిన చిన్నవానిని ప్రభువు త్రోసివేయలేదు. మన సంఘాలలో పెద్దలు కూడా పిల్లల చేతిలో ఏమి ఉందో ఒకసారి అడిగి చూడాలి.

హోంబ్రూ క్లబ్బు చివరి కూటం 1986 డిసెంబరులో జరిగింది. బోస్టన్ సొసైటీ 1996లో ముగిసింది. కంప్యూటరు ప్రతి దుకాణంలో దొరికే వస్తువైంది. నేర్పే పుస్తకాలు, శిక్షణ కేంద్రాలు వచ్చాయి. విత్తనం భూమిలో కలిసిపోయింది గాని పంట లోకమంతా వ్యాపించింది. ఒక్క హోంబ్రూ సభ్యుల చేతనే ఇరవైకి పైగా కంపెనీలు పుట్టాయి.

మన సంఘంలో ఇది జరుగుతుందా?

"ఇదంతా అమెరికావారి సంగతి, మనకెందుకు?" అనవచ్చు. మన పల్లె కుటుంబాల పరిస్థితిని చూడండి. ఫోను దాదాపు ప్రతి ఇంట్లో ఉంది. వాడడం చాలామందికి వచ్చును. కాని తెలిసి వాడడం కొద్దిమందికే వచ్చును. బ్యాంకువారమని ఎవరో ఫోను చేసి అంకెలు అడిగితే, అమాయకంగా చెప్పి కూలి డబ్బు పోగొట్టుకొన్నవారి వార్తలు పత్రికలలో తరచు చదువుతున్నాము. కొడుకు పట్నంలో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నా, తండ్రి తన పాస్‌బుక్ వివరం కోసం ఇంకొకరి గుమ్మం దగ్గర నిలబడుతున్నాడు. మొదట చెప్పుకొన్న పసరు మందు లాగా, తెలిసినవారు దాచుకొంటున్నారు. తెలియనివారు అడగడానికి సిగ్గుపడుతున్నారు.

మందిరం ఆదివారం తప్ప మిగిలిన రోజులలో చాలాచోట్ల ఖాళీగానే ఉంటుంది. నెలకు ఒక సాయంత్రం సంఘ కాపరిగారి అనుమతితో కూడితే చాలు. పెద్ద ఖర్చు లేదు. ఒక పాత కంప్యూటరు గాని, నాలుగు ఫోన్లు గాని సరిపోతాయి. పద్ధతి ఆ కారు షెడ్డువారు చూపినదే. ప్రార్థనతో మొదలుపెట్టి, మొదట ఒక్కొక్కరు లేచి తమకు ఏమి తెలుసో, ఏమి కావాలో చెప్పాలి. తరువాత ఒక అతిథి అరగంట మాట్లాడాలి. బ్యాంకులో పనిచేసే సహోదరుడు మోసపు ఫోన్ల గురించి, మీసేవ కేంద్రం నడిపేవారు ధ్రువపత్రాల గురించి, వ్యవసాయ అధికారి వాతావరణ సమాచారం గురించి, సెలవుల్లో ఇంటికి వచ్చిన ఇంజనీరింగు విద్యార్థి తన చదువు గురించి చెప్పవచ్చు. చివరి గంట విడిగా కూర్చొని ఒకరికొకరు నేర్పుకోవాలి. పదవ తరగతి పిల్లవాడు తాతయ్యకు, అమ్మాయి అత్తయ్యకు నేర్పవచ్చు.

ఒక జాగ్రత్త. ఆ హోంబ్రూ క్లబ్బులో దాదాపు అందరూ మగవారే. అది వారి లోటు. మనం ఆ లోటును తెచ్చుకోవద్దు. స్త్రీల సమాజంవారిని, ఆడపిల్లలను మొదటి వరుసలో కూర్చోబెట్టండి. ఇంటి ఖర్చు, పిల్లల చదువు, పొదుపు సంఘం లెక్క చూచేది వారే గదా.

మరొక జాగ్రత్త. మనది కానిదానిని నకలు తీసి పంచడం మన కూటంలో ఉండకూడదు. ఉచితంగా వాడుకోండని వ్రాసినవారే అనుమతించిన ప్రోగ్రాములు ఈనాడు ఎన్నో ఉన్నాయి. వాటిని వాడుకొందాం. డబ్బిచ్చి కొనవలసినవి కొందాం. ఇంతకుముందు తెలియక తీసుకొన్నవి ఉంటే సరిచేసుకొందాం. జక్కయ్య తన ఇంట్లో యేసును చేర్చుకొన్న రోజున మొదట విప్పింది తన లెక్కల పుస్తకాన్నే.

ప్రత్యక్ష గుడారం కట్టే పనికి దేవుడు బెసలేలును పేరు పెట్టి పిలిచి, బంగారు పని, వెండి పని, చెక్కడపు పని చేసే నేర్పు ఇచ్చాడు. మనకు ఆ సంగతి బాగా తెలుసు. నిర్గమకాండము 35వ అధ్యాయం 34వ వచనంలో మరొక మాట ఉంది. దానిని మనం తరచు గమనించము. ఆయనకూ అహోలీయాబుకూ ఇతరులకు నేర్పే బుద్ధిని కూడా దేవుడే పుట్టించాడు. చేతికి పని ఇచ్చిన దేవుడే, ఆ పనిని ఇంకొకరి చేతిలో పెట్టే మనస్సును కూడా ఇచ్చాడు. రెండవది లేకపోతే మొదటిది ఒక్క తరంతో అయిపోయేది. గుడారం మాత్రం పూర్తి అయ్యేది కాదు.

మీకు తెలిసినది ఏదైనా కావచ్చు. కంప్యూటరు కావచ్చు, కుట్టు మిషను కావచ్చు, అంటు కట్టడం కావచ్చు. ఈ నెలలో ఒక్కరికి నేర్పండి. మీకు తెలియనిది ఒక్కరి దగ్గర సిగ్గుపడకుండా అడగండి. తలాంతును నేలలో పాతిపెట్టిన దాసుడు దానిని పోగొట్టలేదు, పాడు చేయలేదు. కేవలం దాచాడు. యజమానుడు వచ్చినప్పుడు అదే అతని నేరమైంది. ఆ నేరం మన మీద నిలువకుండునట్లు ప్రభువు మనలనందరినీ కాపాడి, మన సంఘాలను దీవించును గాక.